ఇంటికి చెద పట్టకుండా: నాన్‌-యావో సు పరిశోధన, మిగిలిన ప్రశ్నలు

ఇల్లు కొనేవాడు గోడ తట్టి చూస్తాడు. కుళాయి తిప్పి చూస్తాడు. తలుపు వేసి, తీసి, గడియ బిగువు చూస్తాడు. పునాది కింది మట్టిలో చెదలమందు పోశారా, పోస్తే ఎంత పోశారు, అది ఇప్పటికీ పనిచేస్తోందా అన్నది మాత్రం చూడలేడు. మందు పోసిన మట్టిని కాంక్రీటు కప్పేస్తుంది. ఆ పని సరిగ్గా జరగలేదని బయటపడేసరికి ఏళ్ళు గడుస్తాయి. అప్పటికి ద్వారబంధం పైకి రంగుతో నిగనిగలాడుతూ లోపల గుల్లబారి ఉంటుంది. మందు అమ్మినవాడు, పోసినవాడు, ఇల్లు కట్టినవాడు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. నష్టం ఇంటివాళ్ళకు మిగులుతుంది.

అది చిన్న నష్టం కాదు. మైకేల్ రస్ట్, నాన్‌-యావో సు అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన సమీక్షలో, 2010 నాటికి చెదల వల్ల ప్రపంచం మీద ఏటా పడుతున్న భారాన్ని సుమారు 4,000 కోట్ల డాలర్లుగా అంచనా వేశారు. అందులో దాదాపు 80 శాతం నేలలో తిరిగే చెదల వాటా. వీరిలో రెండో ఆయన, నాన్‌-యావో సు, తైవాన్ నుంచి వెళ్ళి హవాయిలో చదువుకుని, 1984 నుంచి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఒక్క చెదల మీదే పనిచేసిన మనిషి. ఆయన పరిశోధన దారినే నడుస్తూ ఈ ప్రశ్నను మొత్తంగా చూడవచ్చు: ఇంటిని చెదల నుంచి కాపాడటం గురించి శాస్త్రానికి నిజంగా ఏం తెలుసు, ఆ తెలిసినదాంట్లో ఇంటివాళ్ళ దాకా చేరింది ఎంత?

ఈ శాస్త్రపు వందేళ్ళ చరిత్ర చదివితే ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. చెద నివారణ ముందుకు కదిలిన ప్రతిసారీ, అంతవరకూ కంటికి ఆననిదాన్ని ఎవరో కనబడేట్టు చేశారు. వెనక్కి పోయిన కాలమల్లా, చూడాల్సిన అవసరమే లేదని జనం నమ్మిన కాలం.

నేల కింద ఏం జరుగుతుంది

ప్రపంచంలో సుమారు 3,000 రకాల చెదలున్నాయి. వాటిలో భవనాలకు తీవ్రమైన హాని చేసేవి వందకు లోపే. మిగిలినవన్నీ ఎండుటాకును, పడిపోయిన మానును మట్టిలో కలిపే పనిలో ఉంటాయి. అవి లేకపోతే మన అడవుల్లో రాలిన ఆకు రాలినట్టే పడి ఉంటుంది. తెల్లచీమలని పేరు పడినా వీటికి చీమలతో చుట్టరికం లేదు. బొద్దింకల వంశంలోనే ఇవీ ఒక శాఖ అని జన్యు పరిశోధనలు తేల్చాయి.

ఇంటి రక్షణకు పనికొచ్చే విషయాలు రెండు. మొదటిది, చెదల పనివాళ్ళ ఒళ్ళు మెత్తన, చర్మం పలచన, కళ్ళు లేవు. ఆరుబయట గాలికి కాసేపట్లోనే ఎండిపోతాయి. అందుకే మట్టి, ఉమ్మి, పెంట కలిపి మూసిన దారులు కట్టుకుంటూ కదులుతాయి. గోడ మీద పెన్సిలంత లావున పాకే మట్టి చార వాటికి ప్రాణావసరం. రెండోది, మనకు కనిపించే పురుగులు మొత్తం సమూహంలో అతి చిన్న భాగం. రాజు, రాణి, సైనికులు, లక్షల్లో పనివాళ్ళు, తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు, అందరూ ఒకే కుటుంబం. ఆ కుటుంబం నివసించే గూడు ఇంటి కిందే ఉండాలని లేదు, పక్కింటి దొడ్లోనో, వీధిచివర మోడు కిందో ఉండవచ్చు.

కాబట్టి గుమ్మం దగ్గర కనబడిన నాలుగు వందల పురుగుల మీద కిరసనాయిలు పోసి చంపితే సమూహానికి తగిలే దెబ్బ దాదాపు శూన్యం. వేపనూనె రాసినా, ఉప్పునీళ్ళు చల్లినా అంతే. మట్టి చార ఊడగొడితే పక్కనుంచి ఇంకోటి లేస్తుంది. ఇంటివాళ్ళు అశ్రద్ధగా ఉన్నారని ఇలా జరగడం లేదు. శత్రువు ఎంత పెద్దదో, ఎక్కడుందో వాళ్ళకు ఎవరూ చూపించలేదు.

మందు మీద నమ్మకం పెరిగిన కాలం

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పట్టించుకున్న తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి కాలిఫోర్నియాలో జరిగింది. 1920ల చివర బర్కిలీ జంతుశాస్త్రవేత్త చార్లెస్ కోఫాయిడ్ ఆధ్వర్యంలో ఒక పరిశోధక సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1934లో చెదలు, వాటి నివారణ మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చింది. ఆ తరం శాస్త్రవేత్తల సలహాలో మందు ఒక భాగం మాత్రమే. చెక్కను నేలకు తగలనీయవద్దు, ఇంటి కింద గాలి ఆడనివ్వాలి, తడి నిలవనివ్వద్దు, ఏటా వంగి చూడాలి అన్నవి దాంతో సమానమైన సలహాలు. పునాదికీ చెక్కకూ మధ్య బిగించే లోహపు రేకు అప్పటికే వాడుకలో ఉంది. ఆ రేకు ఒక్క చెదనూ చంపదు. పురుగు దాన్ని చుట్టి రావాలంటే బయటికి రాక తప్పదు, వస్తే మట్టి చార కనబడుతుంది. దాని ప్రయోజనమంతా అదే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత క్లోర్డేన్, ఆల్డ్రిన్, డైఎల్డ్రిన్, హెప్టాక్లోర్ అనే మందులు వచ్చాయి. పునాది చుట్టూ మట్టిలో పోస్తే దశాబ్దాలు నిలిచేవి. అమెరికా అటవీ శాఖ మిసిసిపీ రాష్ట్రం గల్ఫ్‌పోర్ట్ దగ్గర నడిపిన ప్రయోగ క్షేత్రాలు ఈ సంగతిని ఏటికేడు నమోదు చేశాయి. చవక, తేలిక, చిరకాలం. దాంతో రేకులూ గాలిగవాక్షాలూ పాతకాలపు చాదస్తంగా కనిపించసాగాయి. పునాది ఎలా కట్టినా ఫరవాలేదు, మందు చూసుకుంటుందన్న ధీమా రెండు తరాల నిర్మాణ పద్ధతినే మార్చేసింది.

మట్టిలో అంతకాలం నిలిచే గుణమే ఆ మందుల దోషం కూడా. 1962లో అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ తన పుస్తకంలో ఈ రసాయనాల గురించి హెచ్చరించింది. తర్వాతి సంవత్సరాల్లో మందు పోసిన ఇళ్ళ లోపలి గాలిలోనే క్లోర్డేన్ ఉందని పరీక్షలు చూపించాయి. అమెరికాలో దాని వాడకాలను ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చి, 1983 తర్వాత చెదలకు మాత్రమే మిగిల్చి, 1988లో అదీ ఆపేశారు. ఆస్ట్రేలియాలో దాదాపు దేశమంతటా 1995లో ఈ కుటుంబానికి తెరపడింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో లోకమంతా వదిలించుకోవాల్సిన తొలి పన్నెండు కాలుష్యాల పట్టికలో ఈ నాలుగూ ఉన్నాయి. మన దేశంలోనూ ఇవి నిషిద్ధమే.

సు, ఆయన సహచరుడు రుడాల్ఫ్ షెఫ్రాన్ 1998లో రాసిన సమీక్ష చదివితే, ఈ పద్ధతిలో విషం ఒక్కటే లోపం కాదని అర్థమవుతుంది. మట్టిలో మందు అడ్డుకడితే ఇల్లు రక్షణ పొందవచ్చు, సమూహం మాత్రం చెక్కుచెదరదు. నేలలో ఎక్కడో ఒకచోట మందు తగలని సందు దొరికేవరకూ అది వెతుకుతూనే ఉంటుంది. కట్టడం అంతా సరిగ్గా ఉండి ఒక్క పైపు చుట్టూ మందు పడకపోయినా చాలు.

హొనొలులులో మొదలైన చూపు

ఫార్మోసన్ చెద దక్షిణ చైనా, తైవాన్ ప్రాంతపు జాతి. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలకే ఓడల్లో హవాయి చేరింది. యుద్ధానంతరం సరుకుతో పాటు అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్ళి, 1960లలో హూస్టన్, న్యూ ఆర్లీన్స్ వంటి రేవుల్లో బయటపడింది. హవాయిలో ఇళ్ళకు ఇంతకు మించిన శత్రువు లేదు. అందువల్లే హొనొలులులోని హవాయి విశ్వవిద్యాలయంలో మినోరు తమాషిరో చుట్టూ ఒక పరిశోధక బృందం తయారైంది.

తమాషిరో బృందం ముందు చేసిన పని పురుగును చంపడం కాదు, పట్టుకోవడం. 1973లో వాళ్ళు ఒక సాదా ఉచ్చు ప్రకటించారు. చెదలు తిరిగే చోట చెక్కపెట్టె అమర్చి, పైన డబ్బా మూస్తారు. పురుగులు వాటంతట అవే వేలల్లో వచ్చి చేరతాయి. ఏమీ తవ్వకుండా, గూడు చెదరగొట్టకుండా, అదే సమూహాన్ని నెలల తరబడి గమనించే వీలు చిక్కింది. పట్టిన పురుగులకు ఎర్రరంగు కలిపిన కాగితం తినిపించి వదిలేస్తే ఒళ్ళంతా రంగు పట్టి, తర్వాత ఏ ఉచ్చులో దొరికినా గుర్తుపట్టవచ్చు. ఇక్కడ వదిలిన ఎర్రపురుగు అక్కడ ఎంత దూరంలో తేలింది, వందకు ఎన్ని తేలాయి అన్న లెక్కలతో సమూహం విస్తీర్ణం, జనాభా అంచనాకు వచ్చాయి. ఫ్లోరిడాలో సు, షెఫ్రాన్ ఇదే పద్ధతిలో నగరంలోని ఫార్మోసన్ సమూహాలను కొలిచి 1988లో ప్రకటించారు. ఒక్కో సమూహంలో పురుగులు పదిలక్షలు దాటాయి, తిరిగే దూరం వంద మీటర్ల వరకూ ఉంది. ఇంటి సమస్య అనుకున్నది నిజానికి వీధి సమస్య అని అప్పుడు తేలింది.

మందు లేకుండా అడ్డుకునే మార్గం కూడా ఆ బృందం చేతిలోనే పండింది. కాలిఫోర్నియాలో వాల్టర్ ఎబెలింగ్, రాయ్ పెన్స్ 1957లోనే ఒక ప్రయోగం చేశారు. ఒక నిర్దిష్ట పరిమాణంలో ఉన్న ఇసుక రేణువుల గుండా చెద సొరంగం తవ్వలేదు. రేణువు దవడలతో ఎత్తడానికి పెద్దది, రేణువుల మధ్య సందు తల దూరడానికి చిన్నది. తమాషిరో ఈ సూత్రాన్ని ఫార్మోసన్ చెద కొలతలకు సరిచేసి, సుమారు 1.7 నుంచి 2.4 మి.మీ. మధ్య జల్లించిన నల్లరాతి పొడిని పునాది పలక కింద పరిచే పద్ధతి తయారుచేశాడు. ఆస్ట్రేలియాలో ఇదే ఆలోచన గ్రానైటు రేణువులుగా, తుప్పుపట్టని ఉక్కు వలగా రూపం మార్చుకుంది. ఆ వల కన్ను 0.66 × 0.45 మి.మీ. రాయికీ ఉక్కుకూ గడువు తీరదు, గాలిలోకి ఆవిరి రాదు. పరిచారా లేదా అన్నది కాంక్రీటు పోసేముందు కళ్ళతో చూడవచ్చు. ఒక్కటే షరతు: ఎక్కడా తెగకూడదు.

నెమ్మదిగా చంపడంలో ఉన్న తెలివి

సు 1982లో హవాయిలో డాక్టరేట్ పొందాడు. ఆ ఏడే తమాషిరో, ఇతరులతో కలిసి రాసిన ఒక పత్రం ఆయన జీవితకాలపు పనికి పునాది వేసింది. చెదలు మందుకు ఎలా స్పందిస్తాయన్నదాన్ని బట్టి వాళ్ళు మందులను మూడు తరగతులుగా విడదీశారు. మొదటి తరగతి మందులను చెద పసిగట్టి దగ్గరికే రాదు. రెండో తరగతివి తగిలీతగలగానే చంపుతాయి. కళేబరాలు పోగుపడటంతో మిగిలిన పురుగులు ఆ దారి మూసేసి మరోవైపు మళ్ళుతాయి. మూడో తరగతివి పసిగట్టడానికి వీల్లేనివి, చంపడానికి చాలాకాలం తీసుకునేవి. సమూహం మొత్తానికి చేరగలిగేది ఈ మూడోదే. మార్కెట్లో అప్పటివరకూ గొప్పగా చెప్పుకున్న గుణం, అంటే తాకగానే చావు, సమూహాన్ని కాపాడే గుణమేనని ఆ పత్రం నిరూపించింది.

ఎర పెట్టి చంపే ఆలోచన పాతదే. 1960లలో మైరెక్స్ కలిపిన చెక్కముక్కలతో ఉత్తర అమెరికాలో ప్రయోగాలు జరిగాయి. మైరెక్స్ కూడా ఆ పన్నెండు కాలుష్యాల్లో ఒకటి కావడంతో ఆ దారి మూసుకుపోయింది. సు ఫ్లోరిడా చేరి ఏళ్ళ తరబడి వెతికింది దీనికి తగిన మందు కోసం. కొంచెం తిన్నా ఎక్కువ తిన్నా చావు ఆలస్యంగానే రావాలి. మామూలు విషాలతో ఇది కుదరదు, ఎక్కువ తిన్న పురుగు త్వరగా చస్తుంది. హెక్సాఫ్లుమ్యురాన్ భిన్నమైనది. కుబుసం విడిచి కొత్త చర్మం తయారుచేసుకోవడానికి కావలసిన కైటిన్‌ను అది ఏర్పడనీయదు. పురుగు ఎంత తిన్నా కుబుసం వదిలే రోజు వచ్చేవరకూ మామూలుగా తిరుగుతుంది, తోటివారికి నోటితో పంచుతుంది. కుబుసం రోజున చస్తుంది. పనివాళ్ళు కుబుసం విడవడానికి రాజు రాణి ఉండే గూటి మధ్యకు తిరిగి వెళతారని సు బృందం తర్వాత గమనించింది. అంటే ఎర పెట్టిన చోట కళేబరాలు ఉండవు, తోటివారికి హెచ్చరిక అందదు. సాకేవాళ్ళు తరిగిపోయి పిల్లలు, రాణి ఆకలికి చస్తారు. కైటిన్‌తో పనిలేని మనుషులకూ పెంపుడు జంతువులకూ దీని ప్రమాదం చాలా తక్కువ.

1994లో ఆయన క్షేత్ర ఫలితాలు ప్రచురించాడు. లక్షల పురుగులున్న సమూహాలు గ్రాములకు మించని మందుతో అంతరించాయి. అదే సంవత్సరం అమెరికా పర్యావరణ సంస్థ తక్కువ హానికర మందుల పథకం కింద హెక్సాఫ్లుమ్యురాన్‌కు అనుమతి ఇచ్చింది. డౌఎలాంకో సంస్థ దాన్ని సెంట్రికాన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఇంటి చుట్టూ నేలలో గొట్టాలు పాతి, ముందు అందులో ఉత్త చెక్క పెట్టేవారు. చెదలు వచ్చినట్టు కనబడితే చెక్క తీసి ఎర పెట్టేవారు. వచ్చిన పురుగులను కూడా ఎర గొట్టంలోకే దులిపేవారు. అవి తమవాళ్ళను తీసుకొచ్చేవి. సమూహం పోయాక మళ్ళీ చెక్క పెట్టి కాపలా కొనసాగించేవారు.

ఈ విధానానికి పేరు తెచ్చిన చోట్లు చారిత్రక కట్టడాలు. గోడలు తొలిచి మందు ఎక్కించడం కుదరని చోట ఎర పనికొచ్చింది. అమెరికా స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఆవరణలోని చెదలను ఇలా నిర్మూలించినట్టు సు బృందం 1998లో ప్రకటించింది. న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌లో అదే సంవత్సరం అమెరికా వ్యవసాయ శాఖ ఒక ప్రాంతమంతటినీ కలిపి చూసే పథకం మొదలుపెట్టింది. ఇంటింటికీ విడివిడిగా చేసే వైద్యం వదిలి పేట మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవడం అందులోని ముఖ్య సంగతి. వంద మీటర్లు తిరిగే పురుగుకు ప్రహరీగోడతో పనిలేదని రంగు పట్టిన పురుగులు ఏనాడో చూపించాయి కదా.

ఒప్పుకోవలసిన హద్దులు

సు పనిని గౌరవించేవాళ్ళు కూడా కొన్ని విషయాలు నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఎర విధానాన్ని కనిపెట్టినవాడూ, దాని సామర్థ్యం మీద అత్యధిక పత్రాలు రాసినవాడూ ఆయనే. హక్కులు వ్యాపార సంస్థకు చేరాయి. అందువల్ల ఇతర బృందాలు స్వతంత్రంగా చేసిన పరీక్షలకు విలువ ఎక్కువ. మొత్తం మీద ఫార్మోసన్ చెద మీద, అమెరికా తూర్పు ప్రాంతపు నేలచెదల మీద కైటిన్ నిరోధక ఎరలు సమూహాలను అంతం చేస్తాయన్నది నిలబడిన ఫలితమే.

రెండో సంగతి కాలం. ఎర పనికి నెలలు పడుతుంది. పురుగు గొట్టాన్ని ఎప్పుడు కనుగొంటుందో ముందుగా చెప్పలేం. ఈలోపు తలుపు తినడం ఆపదు. ఇంకోవైపు ద్రవమందుల్లో కొత్త తరం వచ్చింది. 1990ల చివర వచ్చిన ఇమిడాక్లోప్రిడ్, తర్వాతి ఫిప్రోనిల్ చెద పసిగట్టలేనివి. తాకిన పురుగు ఇతరులకు అంటించి సమూహాన్నే చంపుతుందని వీటి గురించి చాలా ప్రచారం జరిగింది. సు 2005లో 50 మీటర్ల పొడవున ప్రయోగశాల దారులు అమర్చి ఈ మాట పరీక్షించాడు. మందు దగ్గరి పురుగులు చచ్చాయి, దూరంగా ఉన్న భాగం కళేబరాల దారికి అడ్డం కట్టుకుని బతికింది. ఎర పెట్టిన సమూహం మొత్తం పోయింది.

దీన్నిబట్టి ద్రవమందు పనికిరాదని అర్థం చేసుకోకూడదు. రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఈ గోడలోంచి ఇప్పుడు చెద రాకూడదంటే ద్రవమందు. ఈ చుట్టుపక్కల ఆ సమూహమే ఉండకూడదంటే ఎర. అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు, ఇంటివాళ్ళు అడగాలి.

మూడో హద్దు మనకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఎరల విజయమంతా చెక్కను నేరుగా తినే జాతుల మీద వచ్చింది. ఆసియా, ఆఫ్రికా ఉష్ణదేశాల్లో బూజు పండించుకుని తినే చెదలు విస్తారం. ఇవి ఎర దగ్గరికి సరిగా రావు, వచ్చినా ఫలితం మందకొడి. మలేసియాలో కీటక శాస్త్రవేత్త చౌ-యాంగ్ లీ ప్రభృతుల పరిశీలనలో, చెక్కను నేరుగా తినే కాప్టోటెర్మిస్ చెదలను ఎరతో తొలగించిన ఇళ్ళలోకి తర్వాత ఇలాంటి వేరే జాతులు ప్రవేశించాయి. కాబట్టి ఏ మందు అన్న ప్రశ్న కంటే ముందు అడగవలసింది ఏ చెద అని.

మన నేల మీద

తెలుగునేలకు ఈ శాస్త్రంతో పాత చుట్టరికం ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ దక్షిణ భారతంలో వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రవేత్తగా తిరుగుతూ ఇక్కడి చెదల జీవనం మీద 1779లో ఒక వివరమైన వ్యాసం ప్రచురించాడు. లోకంలో చెదల మీద వచ్చిన తొలి శాస్త్రీయ రచనల్లో అదొకటి. 1785లో ఆయన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. 20వ శతాబ్దంలో ఎం.ఎల్. రూన్వాల్, ఓ.బి. ఛోటానీ భారత జంతు సర్వేక్షణ సంస్థలో మన చెదల వర్గీకరణను తీర్చిదిద్దారు. వారి పుణ్యమా అని దేశంలో దాదాపు 300 జాతుల లెక్క చేతికొచ్చింది.

మన పొలాల గట్ల మీద పుట్టలు కట్టే ఒడాంటోటెర్మిస్ చెదలు సరిగ్గా బూజు పండించే వర్గానివే. వానాకాలంలో పుట్టల మీద మొలిచే రుచికరమైన పుట్టగొడుగు వాటి పంటే. ఇళ్ళలో మట్టి పొరలు పొరలుగా పేర్చి చెక్కను పైపైన గీకేవి తరచుగా ఇవి. కాప్టోటెర్మిస్ జాతులు లోపలికి తొలిచి, తడి దొరికితే నేలతో సంబంధం లేకుండా గోడ సందులోనే గూడు పెట్టగలవు. అయిదో అంతస్తు ఫ్లాటులో చెద కనబడితే అది పైపుల సందుగుండా ఎక్కి ఉండవచ్చు, లీకయ్యే బాత్రూమ్ గోడలో కాపురమే పెట్టి ఉండవచ్చు. రెంటికీ చికిత్స ఒకటి కాదు. లీకు ఆపకుండా ఎంత మందు కొట్టినా రెండోది పోదు.

మన దేశంలో ఈ పనికి ప్రమాణం ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 మూడు భాగాలు. మొదటిది కట్టడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు, రెండోది కట్టేటప్పుడు మందు, మూడోది కట్టిన ఇంటికి మందు. మొదటి భాగం సంగతి ఎత్తే మేస్త్రి అరుదు. యాంటీ టర్మైట్ ట్రీట్‌మెంట్ అనగానే అందరి దృష్టీ రెండో భాగం మీదకు పోతుంది, అందులోనూ కొలతలు ఇంటివాళ్ళకు తెలియవు. నింపి దట్టించిన మట్టి పైభాగానికి చదరపు మీటరుకు 5 లీటర్ల మందునీళ్ళు, పునాది గోడల పక్క మట్టికి ఒక్కో వైపు చదరపు మీటరుకు 7.5 లీటర్లు పడాలి. 100 చదరపు మీటర్ల ఇంటికి పైమట్టికే 500 లీటర్లు కావాలి. 20 శాతం క్లోర్‌పైరిఫాస్‌ను ఒక శాతానికి పలచన చేయాలంటే ఆ 500 లీటర్లలో మూలమందు 25 లీటర్లు. ఇంటి యజమాని ఆ రోజు అక్కడ నిలబడి డబ్బాలు లెక్కపెడితే చాలు, పని జరిగిందో లేదో తేలిపోతుంది. వీపుకు తగిలించుకునే ఒక స్ప్రేయరుతో అరగంటలో ముగిస్తే అది చెద నివారణ అనిపించుకోదు.

ఆ మందు విషయంలోనూ మనం వేగంగా ఆలోచించాలి. అమెరికా ఇళ్ళలో క్లోర్‌పైరిఫాస్ వాడకాన్ని 2000 నుంచి దశలవారీగా తీసేశారు. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని కూడా, కొన్ని మినహాయింపులతో, తొలగించవలసిన పట్టికలో చేర్చింది. ఇంటి ఆవరణలోనే బోరు ఉండి, ఆ నీళ్ళే వాడే మన ఊళ్ళలో పునాదిలో ఏం పోస్తున్నామన్నది పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. మందు పేరు, శాతం, డబ్బా మీది తయారీ తేదీ అడిగే హక్కు యజమానికి ఉంది. అడగడం నేర్చుకోవాలి.

మందు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. సెంట్రింగ్ చెక్కల ముక్కలు, సిమెంటు సంచులు పునాది గుంటలో వదిలి మట్టి నింపకూడదు. చెదలకు అదే మొదటి విందు. ఇంటి చుట్టూ పగుళ్ళు లేని సిమెంటు అరుగు ఉండాలి, దాని మీద పూలకుండీలూ మట్టికుప్పలూ గోడకు ఆనించకూడదు. పైపులు నేల చీల్చుకుని వచ్చే చోట సందులు మూయాలి. ద్వారబంధాల కాళ్ళు నేలలో పాతకుండా నిలపాలి. టేకు చేవ చెదను చాలావరకు తట్టుకుంటుంది, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క తట్టుకోదు. టేకు అన్న పేరు విని కొన్న చవక చౌకట్టులో తెల్లచెక్కే ఎక్కువ ఉంటే పేరు కాపాడదు. గోడకు అతికించి కట్టే వార్డ్‌రోబ్‌లు, పడకగదుల చెక్క పలకలు ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్నాయి. వాటి వెనక ఏం జరుగుతోందో చూసే దారి ఒక్కచోటైనా ఉంచమని వడ్రంగికి ముందే చెప్పాలి.

టెక్సస్, జార్జియా, ఫ్లోరిడాల్లో ఇళ్ళు కొంటున్న మనవాళ్ళకు పరిస్థితి కాస్త మెరుగు. కొనేముందు చెదల తనిఖీ నివేదిక చేతికి వస్తుంది, ఏటా తనిఖీ చేసే ఒప్పందం కాగితం మీద ఉంటుంది. అది మరమ్మతు ఖర్చు భరిస్తుందా, మళ్ళీ మందు కొట్టడంతో సరిపెడుతుందా అన్న ఒక్క వాక్యం చదవకుండా సంతకం చేయకూడదు. హూస్టన్ చుట్టుపక్కల ఉండేవారు అది ఫార్మోసన్ చెదను కలుపుకుంటుందా అని కూడా అడగాలి.

చేయవలసినవి

ఫ్రాన్స్ 1999 జూన్‌లో చేసిన చట్టం ప్రకారం ఇంట్లో చెద కనబడితే నివసించేవారు మేయరుకు తెలపాలి. చెదలున్నట్టు ప్రకటించిన ప్రాంతంలో ఇల్లు అమ్మితే తనిఖీ నివేదిక జతచేయాలి. చెదను ఒక కుటుంబపు దురదృష్టంగా కాక పేట మొత్తానికి చెందిన విషయంగా ఆ చట్టం చూసింది. రంగు తిన్న పురుగులు హొనొలులులో, ఫ్లోరిడాలో చెప్పిన నిజాన్ని పాలనలోకి తెచ్చిన తీరు అది.

మన రెండు రాష్ట్రాల్లో ఇంతకంటే చిన్న అడుగుతో మొదలుపెట్టవచ్చు. ఫ్లాటు తాళాలతో పాటు కొనుగోలుదారు చేతికి ఒక పత్రం రావాలి: ఏ తేదీన, ఏ మందు, ఎంత శాతంలో, ఎన్ని లీటర్లు, ఏ భాగాల్లో పోశారు, ఎవరు పోశారు, చిత్రపటంతో సహా. పట్టణ పాలక సంస్థలు నివాసయోగ్యతా పత్రం ఇచ్చేముందు దీన్ని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రమాణం ఇప్పటికే ఉంది. వేరుశనగనూ చెరకునూ మామిడినీ తినే చెదల మీద పనిచేసే కీటక శాస్త్రవేత్తలు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఇంట్లో దొరికిన పురుగును సీసాలో వేసి తెస్తే జాతి ఏదో చెప్పే ఏర్పాటు జిల్లాకొకటి పెట్టగలిగితే సగం డబ్బు వృథా ఆగుతుంది. మన ఒడాంటోటెర్మిస్‌కు తగిన ఎర ఏదన్న ప్రశ్నకు జవాబు ఫ్లోరిడాలో దొరకదు, ఇక్కడి నేల మీద, ఇక్కడి ప్రయోగశాలల్లోనే దొరకాలి.

నాన్‌-యావో సు పరిశోధన నుంచి నేర్చుకోవలసింది ఒక మందు పేరు కాదు. ఆయనా, ఆయన గురువు తమాషిరో, అంతకుముందు ఎబెలింగ్, కోఫాయిడ్ వేరువేరు కాలాల్లో ఒకే పని చేశారు. పురుగు ఎలా బతుకుతుందో ముందు ఓపికగా చూశారు, తర్వాతే దాన్ని ఆపే మార్గం ఆలోచించారు. ఇంటి యజమానికి అదే క్రమం వర్తిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, టార్చి పట్టుకుని ఇంటి చుట్టూ, మెట్ల కింద, అల్మరాల వెనక, బాత్రూమ్ తలుపు చౌకట్ల దగ్గర చూడటానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు. మట్టి చార కనబడితే చెరిపేయకుండా ఫొటో తీసి, పురుగును పట్టి ఉంచి, అప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవాలి. ఏ జాతి, ఏ మందు, ఎందుకు, ఎన్ని లీటర్లు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అన్న అయిదు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలిగినవారికే పని అప్పగించాలి. ఈ ప్రశ్నలు అడిగే యజమానులు ఊరికి పదిమంది తయారైతే, ఈ వృత్తిలో నిజాయితీగా పనిచేసేవాళ్ళకు మార్కెట్లో చోటు దానంతట అదే పెరుగుతుంది.